వెనక కెమెరాకు కుంకుమ బొట్టు

మా ఆయన అవినాష్‌కు తప్పు ఒప్పుకోవడం చేతకాదు. కర్నూలు పక్క కల్లూరులో బోరు పైపుల దుకాణం నడుపుతాడు. నలుగురికీ సాయం చేసే మనిషి. బయట ఎవరిని అడిగినా బంగారం అంటారు. నిజమే, కాదనను. కాని ఆ బంగారం ఇంట్లో పాలు పొంగబెడితే తప్పు పొయ్యిదవుతుంది, చెంబు జారవిడిస్తే తప్పు చెంబుదవుతుంది.

మేము కారు కొని రెండేళ్ళయింది. సగం నా జీతంలోంచి, సగం ఆయన దుకాణంలోంచి. నేను హైస్కూల్లో లెక్కల టీచరును, కాబట్టి ఆ రెండు సగాలూ సమానమేనని బల్ల గుద్ది చెప్పగలను. నాకు లైసెన్సు కూడా ఉంది. ఆర్టీవో మైదానంలో ఎనిమిది అంకె తిప్పి చూపించి మొదటిసారే తెచ్చుకున్నాను. తాళం మాత్రం ఎప్పుడూ ఆయన జేబులోనే. అడిగినప్పుడల్లా, "ఇంగా రవ్వంత చెయ్యి తిరగనీ" అంటాడు. బండి ఇవ్వకుండా చెయ్యి ఎలా తిరుగుతుందో నాకు తెలిసిన ఏ లెక్కలోనూ లేదు.

అందుకని నా దారి నేను చూసుకున్నాను. ఆదివారం పూట పదో తరగతికి స్పెషల్ క్లాసులని ఇంట్లో చెప్పి, డ్రైవింగ్ స్కూలు చిన్న ఈరన్న పాత కారులో ఓర్వకల్లు రోడ్డు మీద తిరిగేదాన్ని. పిల్లలకు అబద్ధాలు ఆడకూడదని చెప్పే నోటితోనే ఈ అబద్ధం రెండేళ్ళు ఆడాను. ఈరన్న దగ్గర ఉన్నది ఒకటే పాఠం. "అద్దాలను నమ్ము మేడమ్, మనుషులను నమ్మొద్దు. రానీ రానీ అనేటోడే గోడకు కొట్టిస్తాడు" అనేవాడు.

ఇక మా అత్త సుబ్బలక్ష్మమ్మ సంగతి. ఆమెకు శుక్రవారం వస్తే చేతిలో కుంకుమ భరిణె ఉండాల్సిందే. ఇంటి గడపకు, బీరువాకు, గ్రైండరుకు, కారుకు, అన్నిటికీ పసుపు రాసి బొట్లు పెడుతుంది. జూన్‌లో ఒక శుక్రవారం కడపలో మా ఆయన చిన్నాన్న కూతురి పెళ్ళికి బయల్దేరాం. మోకాళ్ళ నొప్పులని మా అత్త రాలేదు గాని, పోయేది దూరం కాబట్టి ఆ రోజు బొట్లు ఎక్కువే పెట్టింది. చక్రాలకు, స్టీరింగుకు, నంబరు ప్లేట్లకు పెట్టాక కూడా భరిణెలో కుంకుమ మిగిలింది. వెనక డిక్కీ తలుపు మీద, సరిగ్గా నడిమధ్యలో, గుండ్రంగా కంటిపాప లాంటిది ఒకటి కనబడింది. దాన్ని బోడిగా వదిలేయడం ఆమెకు మనసు ఒప్పలేదు. పసుపు దట్టంగా పూసి, మీద రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది.

అది వెనక కెమెరా.

కడప ఫంక్షన్ హాలు పార్కింగు ఎకరా పైన ఉంటుంది. చుట్టూ కడప బండలు నిలువుగా పాతి కంచె వేశారు. మేము పోయేసరికి ఎండ మండిపోతోంది, కంచె పక్క ఒక వేపచెట్టు కింద ఇంత నీడ కనబడింది. ఆ నీడలోకి వెనక్కి పెట్టాలని ఆయన రివర్స్ గేరు వేశాడు. ముందున్న తెరంతా ఎర్రగా, అంచుల్లో పచ్చగా వెలిగింది. కంపెనీవాళ్ళు పనికిమాలిన కెమెరా అంటగట్టారని తిట్టుకుంటూ ఆయన వెనక్కే పోతున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. దిగి ఒకసారి చూడమన్నాను. ఆయన నా వైపు కూడా తిరగలేదు.

"బండి తోల్తాండేది నేనా, నువ్వా?"

ఇక్కడ నా తప్పు కూడా ఒకటుంది, అది దాచను. నా పక్క అద్దంలో బండ కనబడుతోంది. ఇంకొక్కసారి గట్టిగా అరిచి ఉంటే ఆగేవాడేమో. కాని ఒళ్ళు మండిపోయి, కొంచెం తగిలితే బాగుండునని అనుకున్నాను. అంత తగులుతుందని అనుకోలేదు.

బంపరు సొట్టపోయింది, వెనక లైటు పగిలింది, డిక్కీ తలుపు లోపలికి నొక్కుకుపోయి తెరుచుకోవడం మానేసింది. పెళ్ళికూతురికి ఇవ్వాలని తెచ్చిన ఇత్తడి కుందుల జత అందులోనే చిక్కుకుంది. ఇద్దరమూ వట్టి చేతులతో పోయి అక్షింతలు వేసి, కానుక కారులో ఉందని చెప్పి, భోంచేసి వచ్చాం. పోయేటప్పుడు ఎంత బరువుతో పోయామో అంత బరువుతోనే కర్నూలుకు తిరిగొచ్చాం. దారి పొడుగునా ఆయన ఆ బండను అక్కడ పాతినవాళ్ళను తిట్టాడు.

మర్నాడు పొద్దున ఇన్సూరెన్సు ఏజెంటు మద్దిలేటి వచ్చాడు. పాలసీ చూశాడు, దెబ్బ చూశాడు, ఏం పరవాలేదన్నాడు. తర్వాత మా ఆయన లైసెన్సు చూసి తారీకు మీద వేలు పెట్టాడు. పోయిన ఉగాదికి మా ఆయనకు నలభై నిండాయి. కేకు కోశాం, చప్పట్లు కొట్టాం, బంధువులందరికీ ఫొటోలు పంపాం. నలభై ఏళ్ళ వరకే ఇచ్చిన లైసెన్సు గడువు కూడా అదే రోజుతో తీరిపోయిందని ఇంట్లో ఒక్కరమూ చూసుకోలేదు. గడువు తీరిన లైసెన్సుతో తోలితే కంపెనీ పైసా ఇవ్వదని మద్దిలేటి చెప్పాడు. చెప్పి, గొంతు తగ్గించి, వదినకు లైసెన్సు ఉంది కదన్నా అని గొణిగాడు.

గంట తిరక్కుండానే మా ఆయన పొట్లంలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. పెళ్ళయిన పధ్నాలుగేళ్ళలో నేను చెప్పకుండా ఆయన టిఫిన్ తేవడం అది మూడోసారి. విషయం పెద్దదేనని అర్థమైంది. బజ్జీ కొరుకుతూ విన్నాను. కారు నేను తోలినట్టు ఫారంలో రాయాలట. ఒక్క సంతకమట. రెండేళ్ళుగా స్టీరింగు తాకనివ్వని మనిషి ఇప్పుడు దెబ్బ మాత్రం నా చేత కొట్టిస్తానంటున్నాడు. దొంగ సంతకం నా వల్ల కాదని అప్పుడే అనాల్సింది. కాని అట్లా బతిమాలించుకోవడం నాకు కొత్త, అందులో కొంచెం సుఖం కూడా ఉంది. రేపు సాయంత్రానికి చెప్తానన్నాను.

ఆయన రేపటిదాకా ఆగలేదు. అందరి నోటా ఒకటే మాట ఉండాలని, మధ్యాహ్నానికల్లా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు, తనూజ చెయ్యి ఇంకా తిరగలేదు, కడపలో బండకు కొట్టింది, దేవుని దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదని. దాని కింద నలభై మెసేజ్‌లు. దండాలు పెట్టే బొమ్మలు, జాగ్రత్తలు, ఆడవాళ్ళకు స్కూటీయే మేలని ఒక పెదనాన్న సలహా. పాలు తేవడానికి వీధి చివరికి పోతే, ఎదురింటామె నా చెయ్యి పట్టుకుని, ఎందుకమ్మా మనకు ఆ పెద్ద బండ్లు అని జాలిపడింది. ఇంటికొస్తే మా అత్త నన్ను కూచోబెట్టి నిమ్మకాయతో దిష్టి తీసింది. తీస్తూనే, "స్టీరింగు మొగోడి చేతిలో ఉండాల్సింది తనూజమ్మా. నేను ఇన్ని బొట్లు పెట్టినా గాబట్టి ఇంతటితో పాయె" అంది.

నాకు ఏడుపు రాలేదు. వచ్చుంటే బాగుండేది. రెండేళ్ళ ఆదివారాలు, ఎండలో ఈరన్న పక్కన కూచుని నేర్చుకున్నదంతా, ఒక్క మధ్యాహ్నంలో ఊరంతా కలిసి తుడిచేసింది. ఇక ఈ జన్మలో ఆ తాళం నా చేతికి రాదని తెలిసిపోయింది. నా పేరు పోయింది, బండీ పోయింది, పోగొట్టినవాడు లోపల ఫ్యాను కింద నిద్రపోతున్నాడు.

ఫారం మీద నా సంతకం ఇంకా పడకముందే సోమవారం సర్వేయరు వచ్చాడు. కంపెనీ తరఫున దెబ్బను చూసి రాసుకునే మనిషి. పేరు మునీంద్ర. చేతిలో ఒక అట్ట, దాని మీద కాగితాలు, మెడలో కళ్ళద్దాల తాడు. ఎక్కువ మాట్లాడే రకం కాదు. తోలింది ఎవరని అడిగాడు. మా ఆయన నా వైపు చూపించాడు. నేను అవునన్లేదు, కాదన్లేదు. మా అత్త చేతిలో భరిణెతో గడపలో కుర్చీ వేసుకుని కూచుంది. మద్దిలేటి అందరికీ నవ్వులు పంచుతున్నాడు.

కారు ముందుభాగం లోపలికి పెట్టి నిలిపి ఉంది. వెనకభాగానికీ గేటుకూ మధ్య మనిషి నిలబడి ఫొటో తీసేంత చోటు లేదు. బండి వీధిలోకి తీయమన్నాడు మునీంద్ర. మాది కొత్త కాలనీ. గేటుకు అటు జానెడు, ఇటు జానెడు సందు. దాటగానే ఎదురింటివాళ్ళ ఇసుక కుప్ప, దాని పక్కన కరెంటు స్తంభం. మా ఆయన అలవాటుగా తాళం తీసుకుని డోరు దగ్గరికి పోయాడు.

"మీకు లైసెన్సు లేదు గదా సార్" అన్నాడు మునీంద్ర, అట్ట మీది కాగితాల్లో ఆయన లైసెన్సు నకలు చూస్తూ, తల ఎత్తకుండా. "మేడమ్‌ను తీయమనండి."

రెండేళ్ళలో మొదటిసారి తాళం నా చేతిలోకి వచ్చింది. వేడిగా ఉంది. ఇచ్చేటప్పుడు మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, "గేటుకు రవ్వంత తగిలించు, సరిపోతాది" అన్నాడు.

అదీ ఆయన అడిగింది. చెయ్యి తిరగనిదాన్నని నా చేతులతోనే రుజువు చేయాలి.

కూచున్నాను. సీటు ముందుకు జరుపుకున్నాను, అద్దాలు నా ఎత్తుకు తిప్పుకున్నాను. రివర్స్ వేయగానే తెర మళ్ళీ ఎర్రగా వెలిగింది. పెళ్ళిరోజు పెట్టిన బొట్టు అట్లే ఉంది, ఎవరూ తుడవలేదు. నేను తెర వైపు చూడలేదు. మద్దిలేటి వెనక నిలబడి రానీ రానీ అంటున్నాడు, అతని వైపూ చూడలేదు. ఎడమ అద్దం, కుడి అద్దం, మళ్ళీ ఎడమ. గేటు రెండు పక్కలా మెల్లగా ముందుకు జరిగిపోయింది. ఇసుక కుప్పకు మూరెడు దూరం ఉండగానే స్టీరింగు తిప్పి, స్తంభాన్ని పక్కకు వదిలి, వీధి అంచుకు సరిగ్గా సమానంగా ఆపాను. ఎక్కడా ఆగలేదు, ముందుకు పోయి సర్దుకున్నదీ లేదు.

మునీంద్ర కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ముందు గేటు చూశాడు, తర్వాత నన్ను చూశాడు, తర్వాత బండి వెనక్కి పోయి ఫొటోలు తీశాడు. తీస్తూ తీస్తూ ఆగి, ఇదేమిటని డిక్కీ మీద వేలితో చూపించి జేబులోంచి రుమాలు తీశాడు.

"తుడవద్దప్పా, బొట్టు అది" అంది మా అత్త కుర్చీలోంచి. "నేనే పెట్టినా."

"ఇది కెమెరా అమ్మా."

మా అత్త లేచొచ్చి దాన్ని దగ్గరగా చూసింది. తర్వాత కొడుకును చూసింది. గుమ్మడికాయల దొంగ అనకముందే ఆయన భుజాలు తడుముకోవడం మొదలుపెట్టాడు, నేను రివర్స్ వేసినప్పుడే చెప్పినా తెరంతా ఎర్రగా ఉండాదని, కంపెనీదే తప్పని. తోలనివాడు రివర్స్ ఎట్లా వేశాడని అక్కడ ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది.

మునీంద్ర నా దగ్గరికి వచ్చాడు. "మేడమ్, ఇంత సందులోంచి ఆ కెమెరా కూడా లేకుండా ఇట్ల తీసినారు. ఎకరా మైదానంలో బండకు ఎట్ల కొట్టినారో నాకు అర్థం కాలేదు. మీరు చెప్పిందే రాసుకుంటా. చెప్పండి."

మా ఆయన నన్ను చూస్తున్నాడు. ఆ చూపు చూస్తే పాపం అనిపించింది, ఆ మాట కూడా దాచను.

"నేను కొట్టలేదు సార్" అన్నాను. "ఈ బండి స్టీరింగు నేను పట్టుకోవడం ఇదే మొదటిసారి."

మద్దిలేటికి అప్పుడే ఫోను వచ్చింది. మోగిన చప్పుడు మాకెవరికీ వినబడలేదు. మాట్లాడుకుంటూ వీధి చివరిదాకా పోయి అట్లే మాయమయ్యాడు. మునీంద్ర కాగితాలు మూసి, ఈ క్లెయిము వద్దని మీరే ఒక కాగితం రాసిస్తే అందరికీ గౌరవమని మా ఆయనకు నెమ్మదిగా చెప్పాడు. ఆయన రాసిచ్చాడు. బాగుచేయించడానికి ఎంతయిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మా అత్త మాత్రం ఇదంతా యాడ నేర్చుకున్నావమ్మా అని అడిగింది. పదో తరగతి స్పెషల్ క్లాసుల్లో అన్నాను. ఆమె పోయి భరిణె లోపల పెట్టొచ్చింది.

నేను ఆయన్ను అడిగింది ఒకటే. ఏ గ్రూపులో పెట్టాడో ఆ గ్రూపులోనే పెట్టమన్నాను. ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు పెట్టాడు, బండకు కొట్టింది నేనే అని. నాకు నలభై మెసేజ్‌లు వచ్చిన చోట ఆయనకు ఒక్కటీ రాలేదు. సాయంత్రానికి మా అత్త ఫోను నుంచి ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది.

కొత్త లైసెన్సుకు డాక్టరు సర్టిఫికెట్టు కావాలి, ఆర్టీవో ఆఫీసులో తారీకు దొరకాలి. అంతదాకా తాళం నా దగ్గరే ఉంటుంది. షెడ్డు నుంచి బండి వచ్చిన ఆదివారం ముగ్గురం కుందులు ఇవ్వడానికి కడపకు పోయాం. బయల్దేరే ముందు మా అత్త వెనక బొట్టు పెట్టింది, కెమెరాకు జానెడు పైన, రెండుసార్లు కొలుచుకుని.

ఆ చిన్నాన్న ఇల్లు కడపలో ఇరుకు సందులో ఉంది. రివర్స్‌లోనే లోపలికి పెట్టాలి. తెర మీద దారి అద్దంలా కనబడుతోంది. పక్క సీట్లో మా ఆయన లేని బ్రేకును కాలితో నొక్కుతూ, "ఆపు, ఆపు, గోడ ఉండాది" అన్నాడు.

నేను ఆయన వైపు తిరగలేదు.

"బండి తోల్తాండేది నేనా, నువ్వా?"

వెనక సీట్లోంచి మా అత్త, "గమ్మున కూచో నాయనా, తనూజమ్మ చూసుకుంటాది" అంది. బండి గోడకు మూరెడు దూరంలో ఆగింది. ఆయన దిగి, డిక్కీ తెరిచి, కుందులు రెండూ చంకన పెట్టుకుని మా ముందు నడిచాడు.