రాజోలు భ్రమాసురుడు

కరుణ ఒక పిల్లల మాసపత్రికకు బొమ్మల కథలు గీస్తుంది. భర్త కువైట్‌లో పనిచేస్తాడు. ఆమె రాజోలులో అత్తమామలతో ఉంటూ, వరండా పక్క గదిలో కూర్చుని గీసుకుంటుంది. ఈమధ్య ఒక కొత్త విలన్‌ను పుట్టించింది. పేరు భ్రమాసురుడు. వాడికి కత్తీ తుపాకీ అక్కర్లేదు. మనసులో ఏదనుకుంటే లోకం అలా మారిపోతుంది. వంతెన లేదనుకుంటే వంతెన ఉండదు. గోదావరి వెనక్కి పారాలనుకుంటే వెనక్కి పారుతుంది.

అంతా కుదిరింది గానీ మొహం కుదరలేదు. ఎన్నిసార్లు గీసినా బ్యాంకు మేనేజరులా వస్తున్నాడు. విసుగొచ్చి తలెత్తేసరికి, వరండాలో మామగారు దైవసహాయం గారు, అత్తగారు రూతమ్మ చేపల గిన్నె ముందు నిలబడి ఉన్నారు.

"ఇది పండుగప్ప, రూతూ."

"తలకాయ చూడండీ, కొర్రమేను."

"నేను పండుగప్ప అన్నాను. పండుగప్పే."

ఆ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కొర్రమేను పులుసు తిని, పండుగప్ప బాగుందన్నారు. ఆయన రిటైరైన సోషల్ మాస్టారు. తను పొరపడ్డానని ఒప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు. కరుణ పెన్సిల్ దానంతటదే కదిలింది. బట్టతల, గుబురు మీసం, చూరులా ముందుకు వంగిన కనుబొమలు.

పత్రిక వచ్చాక ఒక ఆదివారం, చర్చి నుంచి తిరిగొచ్చేసరికి పిల్లలు గేటు దగ్గర మూగి ఉన్నారు. ఎదురింటి పింకీ పత్రిక తెరిచి మామగారి మొహం పక్కన పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని బొమ్మను చూశారు.

"ఈయనెవరు, కరుణమ్మా?"

"ఎవరూ కాదండి మామయ్యగారూ. ఊహేనండి."

"ఊహకి మా నాన్నగారి కనుబొమలు ఎలా వచ్చేయి?" అని ఆగి, "బానే ఉన్నాడు. కానీ చివర్లో ఓడిపోవడమేంటి? లోకాన్నే మార్చేవాడు ఆ హీరోని బల్లిని చేసి పారెయ్యలేడా?" అన్నారు.

మర్నాటి నుంచి ఆయన టీ గ్లాసుతో ఆమె బల్ల పక్కన కుర్చీ వేసుకుని, భ్రమాసురుడి తరఫున వాదించసాగారు.

ఒకనాడు పిల్లలు, ఆయనే భ్రమాసురుడని నమ్మి వచ్చి, రేపు బడి లేకుండా చెయ్యమని బతిమాలారు. ఆయన కళ్ళు మూసి, కనుబొమలు ముడిచి, "లేదు ఫో" అన్నారు. సాయంత్రానికి తుఫాను హెచ్చరిక వచ్చింది. బడికి సెలవిచ్చారు. మర్నాడు చుక్క వాన పడలేదు.

దాంతో ఆయన పేరు మోగిపోయింది. పక్కవీధి మంగరాజు కొబ్బరికాయల ధర పెంచమని వచ్చాడు. "మీరు ఒక్కసారి అనుకోండి, చాలండి." ఆయన అనుకున్నారు. ధర ఇంకాస్త పడిపోయింది. "మీరు సరిగ్గా నమ్మలేదు మంగరాజుగారూ" అని తప్పు అతని మీదికే నెట్టారు.

"నిజం చెప్పమ్మా," అని ఒకరోజు కరుణను మెల్లగా అడిగారు. "ఊరికే గీసేవా, నాలో ఏదో ఉందని కనిపెట్టి గీసేవా?" ఆ గొంతులో ఆశ విని ఆమెకు నవ్వు రాలేదు.

తర్వాత లెక్కల పరీక్ష వచ్చింది. ఆయన జరగదన్నారు. పిల్లలు పుస్తకాలు మూసి క్రికెట్ ఆడుకున్నారు. మర్నాడు ఎండ ఫెళ్ళున కాసింది, పరీక్ష జరిగింది. పేపర్లు దిద్ది ఇచ్చిన రోజున వీధిలోని తల్లులంతా గేటు తోసుకుని వచ్చారు. అందరికంటే ముందు పింకీ తల్లి కృష్ణవేణి.

"పరీక్ష ఉండదని చెప్పేరంట, మాస్టారూ?"

"అసలు జరగలేదు."

"జరిగిందండి. మా దానికి సున్నా వచ్చిందండి."

"అది సున్నా కాదు..." అంటూనే ఆయన వాళ్ళ మొహాలు చూశారు. అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి జరిగి, కరుణ గదిలో దూరి తలుపేసుకున్నారు.

"వెళ్ళేరా?"

"లేదండి మామయ్యగారూ. కూర్చోడానికి కుర్చీలు అడుగుతున్నారు."

బయట రూతమ్మ గొంతు వినబడింది. "పొరపాటయిందమ్మా. మళ్ళీ పరీక్ష పెట్టేదాకా రోజూ సాయంత్రం మాస్టారే లెక్కలు చెబుతారు."

"నాది సోషల్!" అని తలుపు వెనకాల నుంచి కేక.

"ఆయ్, చెబుతానంటున్నారు" అంది రూతమ్మ తల్లులతో.

మొదటి సాయంత్రం వరండా నిండా పిల్లలు. సగానికి పావు కలపబోయి, పైవి పైవి కిందివి కిందివి కూడేసి, ఆయన బోర్డు మీద రెండు బై ఆరు అని రాశారు.

"ముప్పావండి తాతగారూ" అంది పింకీ, దిద్ది ఇచ్చిన పేపరు చూసుకుని.

"రెండు బై ఆరు."

"అది సగం కంటే తక్కువండి. సగం గ్లాసు పాలలో పావు గ్లాసు పోస్తే తగ్గుతాయాండి?"

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. లోపల కరుణ పెన్సిల్ ఆగిపోయింది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, రాసింది తుడిచేశారు.

"పింకీ, ఇలా రా" అని సుద్దముక్క దాని చేతికిచ్చి, వెళ్ళి పిల్లల వరసలో చాప మీద కూర్చున్నారు.

మళ్ళీ పెట్టిన పరీక్షలో అందరూ గట్టెక్కారు. దైవసహాయం గారు మాత్రం ఇంకా పింకీ దగ్గర భిన్నాలు నేర్చుకుంటున్నారు.