అల లోపలి వంపు

నేను ఒక గాజు కోసే కలాన్ని. కలమంటే రాసేది కాదు. పెన్సిలంత పిడి, దాని కొసన కందిబద్ద కన్నా చిన్న ఉక్కు చక్రం, అంతే నేను. ఏ దేశంలో పుట్టానో పిడి మీద అచ్చు వేసి ఉండేది. దాన్ని చేతులు అరగదీశాయి. పుట్టిన ఊరు పోయినా పుట్టు గుణం పోలేదు: ఒక్క క్షణం ఊరికే ఉండలేను. చక్రాన్ని కదా, తిరగాలి.

కానీ మా వృత్తికి ఒక కఠినమైన నియమం ఉంది. ఒక గీత మీద ఒక్కసారే నడవాలి. సరిగ్గా పడలేదని రెండోసారి వెళితే గాజూ చెడుతుంది, నేనూ చెడతాను. మనుషులు చెప్పిందే నాలుగుసార్లు చెప్పుకుంటూ ఎలా బతుకుతారో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

నా మొదటి యజమాని బస్సులకు అద్దాలు బిగించేవాడు. అద్దం సరిగ్గా తెగితే తన చెయ్యి మంచిదనేవాడు, పగిలితే నన్ను తిట్టేవాడు. అతను కళ్ళు మసకబారి పని మానుకున్నాక, చీరాల బజారులో పటాలు కట్టే సుభాని చేతికి వచ్చాను. పాతికేళ్ళు అక్కడే. వెంకటేశ్వరస్వామికి, మక్కా పటానికి, పెళ్ళిజంటలకు, పోయినవాళ్ళకు అందరికీ అద్దం కోశాను. అన్నీ నిలువు గీతలు, అడ్డ గీతలు. సుభాని నన్ను కిరసనాయిల్లో ముంచి, స్కేలు పక్కన ఒక్క లాగు లాగేవాడు. పట్టుగుడ్డ చింపినట్టు చిన్న చప్పుడు. గీతను బల్ల అంచుకు ఆనించి నొక్కితే రెండు ముక్కలు. పాతికేళ్ళలో నాకు ఒక్క మలుపు లేదు. లోపల ఎంత దురదగా ఉండేదో ఎవరికి చెప్పను?

తుఫాను వెళ్ళిన నాలుగో రోజు సలోమమ్మ వచ్చింది. సముద్రపు ఒడ్డున ఉన్న పాత చర్చిలో గంట కొట్టేది ఆమే, ఊడ్చేదీ ఆమే. రెండేళ్ళ కిందట ఆమె భర్త యోనా పటానికి అద్దం కోసింది నేనే. ఈసారి చంకలో పాత చీర చుట్టిన మూట. విప్పితే నీలం గాజు, అరచేతి కన్నా కొంచెం పెద్ద పలక. ఒకవైపు నున్నన, ఇంకోవైపు గరుకు.

"గుళ్ళో రంగుగాజుల బొమ్మ కిటికీలో అల పగిలింది సాయిబూ," అంది. "ప్రభువు దగ్గరికి నీళ్ళ మీద నడవబోయి పేతురు మునిగిపోతా చెయ్యి పైకెత్తుతాడే, ఆ చేతి చుట్టూ ఉండే అల. ఇది మా ఆయన మంచం కింద ఇరవై ఏళ్ళు దాచాడు. ఎప్పుడన్నా పగిలితే పనికొస్తదని. ఇంకో ముక్క ఎక్కడా లేదు."

"చర్చి పెద్దలేమంటన్నారు?"

"రేకు కొట్టి మూసేద్దామంటన్నారు. ఆదివారం దాకా ఆగమని బతిమాలి వచ్చా. ఇది గూడా పగిలితే రేకే."

ఆమె కిటికీ మీద కాగితం పెట్టి గీసుకొచ్చిన ఆకారాన్ని సుభాని బల్ల మీద పరిచాడు. కొడవలి లాంటి అల. దాని కడుపులో లోతైన వంపు, పేతురు మణికట్టు ఇమిడేంత. చూడగానే నా చక్రం జిల్లుమంది. సుభాని ముఖం మాత్రం పాలిపోయింది.

"అక్కా, నాకు తిన్నగా కొయ్యటమే వచ్చు. గాజు బయటి వంపు వింటదిగానీ లోపలి వంపు వినదు."

"వినకపోతే నువ్వే దాని మాట విను," అని ఆమె గడప మీద కూర్చుంది. కదిలే ఉద్దేశం లేదని తెలుస్తూనే ఉంది.

మామూలు కిటికీ అద్దం ముక్కల మీద మొదలుపెట్టాడు. నేను వంపు తిరిగి గీత గీశాను, హాయిగా. అతను పటాల అద్దాన్ని విరిచినట్టే ఒక్క నొక్కు నొక్కాడు. పగులు నా గీతను వదిలి అడ్డంగా అంచుకు పరుగెత్తింది. రెండోది అంతే. మూడోది, నాలుగోది అంతే. అయిదోది పగిలాక నన్ను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, "మొద్దుబారింది," అన్నాడు. ఇదీ నాకు అలవాటే.

"దానిమీద పడతావేంది?" సలోమమ్మ గడప మీంచే అంది. "కొబ్బరి చిప్పలోంచి కొబ్బరి ఒక్క ఊపున ఊడిద్దా? తునకా తునకా తియ్యాలిగానీ."

సుభాని పగిలిన ముక్కల్ని పక్కకు నెట్టాడు. ఆరోదాని మీద అంచు దగ్గర లోతు తక్కువ వంపు ఒకటి గీయించాడు. పటకారుతో మెల్లగా లాగితే సన్నటి తునక ఊడివచ్చింది. ఇంకొంచెం లోతుగా మరొకటి. మళ్ళీ ఇంకొకటి. బల్ల మీద చిన్న చిన్న నెలవంకలు పోగుపడ్డాయి. పండగ చంద్రుణ్ణి చూసినట్టు వాటిని చూసి, "అక్కా, వంపు దిగింది!" అన్నాడు.

అప్పుడు నీలం గాజు తీశాడు. కాగితాన్ని ఆకారం వెంట కత్తిరించి, నున్నటి వైపు జిగురుతో అతికించాడు. బయటి అంచులు తేలిగ్గా తెగాయి. కడుపులోంచి నాలుగు నీలం నెలవంకలు రాలాయి. మిగిలింది చిట్టచివరి గీత. నేను సగం దాటాను, ముప్పావు దాటాను. కొస దగ్గర గాజులో చిక్కుకున్న ఇసుకరేణువు ఒకటి తగిలింది. నా చక్రం అంచు టక్కున విరిగింది. గీతలో వెంట్రుకవాసి ఖాళీ మిగిలిపోయింది.

సుభాని చెయ్యి ఆగింది. రెండోసారి గీయాలని అతని వేళ్ళు తహతహలాడటం నా పిడికి తెలుస్తోంది. వద్దు, వద్దు అంటున్నాను లోపల. అతను నన్ను తిరగేసి, పిడి కొసతో గాజు అడుగున కొట్టాడు. టిక్, టిక్. పగులు గీత వెంట పాకి, ఖాళీ దగ్గర నిలబడింది. ఇంకొక్క టిక్. ఖాళీని దాటింది. చివరి నెలవంక, ఎప్పుడు లేచొచ్చిందో బల్ల పక్కన నిలబడ్డ సలోమమ్మ చీరకొంగులో పడింది.

శనివారం ఉదయం సుభాని నన్ను జేబులో వేసుకుని చర్చి నిచ్చెన ఎక్కాడు. గాజు ముక్కల్ని కలిపి పట్టే సీసపు పట్టీలు విప్పి ముక్కను ఖాళీలో పెట్టబోయాడు. పట్టలేదు. అల కడుపు చేతివైపు కాకుండా అవతలివైపు తిరిగి ఉంది.

నాకు అప్పుడర్థమైంది. పటం కట్టేవాడు ముందు అద్దం పరిచి, దాని మీద బొమ్మను బోర్లా పెడతాడు. పాతికేళ్ళ అలవాటు కొద్దీ ఆ కాగితాన్ని కూడా గీసిన వైపు గాజుకు తగిలేలా బోర్లా అతికించాడు. కోసినదంతా ఎడమ కుడైంది.

"పాడు చేశానక్కా," అన్నాడు. "యోనా అన్న దాచినదాన్ని పాడు చేశా."

సలోమమ్మ కిందనుంచి చెయ్యి చాపి ముక్క అడిగింది. తీసుకుని, వెలుగుకు ఎత్తి చూసి, అప్పడం తిప్పినట్టు అవతలివైపుకు తిప్పి మళ్ళీ పైకి ఇచ్చింది.

"పటానికైతే ముందూ వెనకా ఉంటదిగానీ, అద్దానికేంది సాయిబూ? ఇప్పుడు పెట్టు."

పట్టింది. పేతురు మణికట్టు ఆ వంపులో ఒదిగిపోయింది. కాకపోతే గరుకువైపు లోపలికి వచ్చింది. ఎండ పడేసరికి మిగతా అలలన్నీ గాజులా మెరిశాయి. ఇదొక్కటే నీళ్ళలా కదిలింది. సుభాని నిచ్చెన మీదే కూర్చుండిపోయి చాలాసేపు దిగలేదు.

దిగాక నన్ను జేబులోంచి తీసి, విరిగిన చక్రం చూసి, చెత్తబుట్టలో వేయబోయాడు.

"దాన్ని ఇటియ్యి," అంది సలోమమ్మ.

"దానికింక పనేముందక్కా?"

"పనిలేనోళ్ళు గుళ్ళో కూర్చోకూడదా?"

అలా ఈ కిటికీ గట్టు మీదికి వచ్చాను. సలోమమ్మ ఊడ్చి వెళ్ళేముందు రోజూ నన్ను ఎత్తి దుమ్ము తుడిచి మళ్ళీ ఇక్కడే పెడుతుంది. దురద తగ్గిందని అబద్ధం చెప్పను. చక్రం ఇప్పటికీ తిరగాలంటుంది, తిరగదు. పొద్దెక్కేసరికి మాత్రం ఆ అలలోంచి నీలం వెలుగు దిగి, నా పిడి మీదుగా పాకి, గోడ దాకా వెళుతుంది. వెలుగుకు మా నియమం వర్తించదు కాబోలు. నిన్న నడిచిన గీత మీదే ఇవాళా నడుస్తుంది. అయినా ఏదీ పగలడం లేదు.