సింహాద్రి మేస్త్రీ లాంగ్ స్ట్రోక్

ఆటోనగర్‌లో ఇంజన్ మేస్త్రీకి చేతులకంటే చెవి ముఖ్యం. స్పానర్ ఎవడైనా తిప్పుతాడు. ఇంజన్ కట్టడం అయిపోయి మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగ్ ఏమంటోందో వినేవాడే మేస్త్రీ. ఆ కాసేపూ పక్క షెడ్లవాళ్ళు కూడా గ్రైండర్లు ఆపేస్తారు. ఒక్కడూ నోరు విప్పడు. స్క్రూడ్రైవర్ దించి మేస్త్రీ "ఓకే" అన్నాకే టీలు వస్తాయి. సింహాద్రి ఓకే అన్నాడంటే గాజువాక నుంచి అనకాపల్లి దాకా ఆ మాటకి తిరుగులేదు. ఆ సింహాద్రికి ఐదేళ్ళుగా చెవులు వినపడవు.

నవ్వకండి. ముప్ఫై ఐదేళ్ళు సైలెన్సర్ ఊడదీసిన ఇంజన్ల పక్కన నిలబడ్డ మనిషి చెవులు ఏమవుతాయి మరి, అవేమైనా ఇనుముతో చేసినవా? నరం పోయిందన్నాడు డాక్టర్. మెషిన్ పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి గానీ సన్న చప్పుళ్ళు ఇక రావన్నాడు. పెట్టుకుని షెడ్డుకొస్తే ఊళ్ళో ఉన్న గ్రైండర్లన్నీ తలకాయలో దూరాయి. అయినా చెవిలో మెషిన్ ఉన్న మేస్త్రీకి ఇంజన్ ఎవడిస్తాడు? దాన్ని ఇంట్లో బియ్యం డబ్బా వెనక పడేశాడు. అప్పట్నుంచీ మనుషుల మాటలు వాళ్ళ పెదాల మీద చదువుకుంటున్నాడు. ఆటోనగర్‌లో అందరూ నోరు బార్లా తెరిచి అరుస్తూనే మాట్లాడతారు కాబట్టి బండి నడిచిపోతోంది.

సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు భార్య రామలక్ష్మమ్మ. రెండోవాడు పక్క షెడ్డులో లేత్ మిషన్ నడిపే పీర్ మహమ్మద్. పాతికేళ్ళ స్నేహం, బావా అంటే బావా అనుకునేవాళ్ళు. ఇంజన్ స్టార్ట్ చేసే వేళకి పీర్ లేత్ ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కస్టమర్ వెనక నిలబడేవాడు. సింహాద్రి స్క్రూడ్రైవర్ చెవికి పెట్టి కళ్ళు మూసుకున్నట్టు నటిస్తూ పీర్ చెయ్యి చూసేవాడు. ఒక వేలు చూపిస్తే బేరింగ్, రెండు వేళ్ళయితే వాల్వు, పిడికిలి మూస్తే అంతా బాగున్నట్టు. ఐదేళ్ళలో ఒక్క ఇంజన్ వెనక్కి రాలేదు. రంజాన్‌కి నెల ముందు పీర్ గుండె ఆగి పోయాడు. జనాజా మోసి వచ్చిన రోజు సింహాద్రి షెడ్డులో కూచుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపులో సగం బావ కోసం, సగం తన కోసం. చెప్పుకోడానికి సిగ్గే గానీ నిజం.

ఆ తర్వాత నాలుగు నెలలూ కంపెనీ కొలత పనులే ఒప్పుకున్నాడు. అందులో చెవితో పనిలేదు. ఎక్కడ ఎంత సందు ఉండాలో పుస్తకంలో ఉంటుంది, మైక్రోమీటర్ చెప్తుంది, అంతే. లోకం దృష్టిలో మాత్రం సింహాద్రికి వయసొచ్చింది, మొండితనం తగ్గింది.

అప్పుడొచ్చాడు యారాడ దేవీప్రసాద్, టర్బో డీజిల్ వ్యాన్‌ని తాడు కట్టి లాక్కుని.

ఆ వ్యాన్ సంగతి సింధియా జంక్షన్‌లో అందరికీ తెలుసు. తెల్లారి యారాడ ఆడవాళ్ళని చేపల గంపలతో సహా కొండ దాటించి ఊళ్ళోకి తెస్తుంది, మధ్యాహ్నం మళ్ళీ ఎక్కించుకుపోతుంది. నెల కిందట పద్నాలుగు మందితో కొండెక్కుతూ మూడో మలుపులో ఇంజన్ లాగలేక చచ్చింది. బండి ఇరవై అడుగులు వెనక్కి జారి, చక్రం గట్టు రాయికి తగిలి ఆగింది. రాయి లేకపోతే అటు లోయ, లోయ కింద సముద్రం. పోతమ్మ అనే ముసలామె భయంతో దూకేసి మోకాలు పగలగొట్టుకుంది.

దేవీప్రసాద్ కోరిక ఒకటే. కంపెనీ కొలతకి కట్టొద్దు, లాంగ్ స్ట్రోక్ కావాలి. అంటే అదే కంపెనీ పెద్ద ఇంజన్‌లో పిస్టన్లని ఆడించే ఇరుసు, క్రాంకు, తెచ్చి ఈ బ్లాకులో బిగించడం. పిస్టన్ ఇంకాస్త కిందికి దిగి ఇంకాస్త పైకెక్కుతుంది, సీసీ పెరుగుతుంది, టర్బో తొందరగా అందుకుంటుంది, కొండ మీద ఎద్దులా లాగుతుంది. పదేళ్ళ కిందట సింహాద్రి అలాంటిదొకటి కట్టి పేరు తెచ్చుకున్నాడు. అయితే దానికి పుస్తకం లేదు. క్రాంకు తగలకుండా బ్లాకు ఎంత అరగదీయాలి, పిస్టన్ పైనుండే హెడ్డు కింద గ్యాస్కెట్ ఎంత మందం వెయ్యాలి, అన్నీ మేస్త్రీ మనసులో లెక్కలే. షెడ్డులో బాగానే ఉంటుంది. కొండ మీద బరువుతో వేడెక్కాక పిస్టన్ హెడ్డుని ముద్దుపెట్టుకుంటోందా లేదా అన్నది చెవి ఒక్కటే చెప్పాలి. పదేళ్ళ కిందట ఆ టిక్కు చప్పుడు ఘాట్ మీద పట్టుకుని, వెనక్కి తెచ్చి గ్యాస్కెట్ మార్చింది ఈ చెవితోనే.

సింహాద్రి వద్దన్నాడు. స్టాండర్డ్ కట్టిస్తా, పదిమందినే ఎక్కించుకో అన్నాడు. దేవీప్రసాద్ బతిమాలాడు. మిగతా నలుగురిని కొండ కింద ఒగ్గేసి ఎలా వెళ్ళమంటావ్, ఆళ్ళు నా మేనత్తలూ పిన్నమ్మలూ అన్నాడు. ఆటోవాళ్ళు ఎవరూ ఆ ఘాట్ ఎక్కట్లేదు, నెల రోజులుగా ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని నడిచి దాటుతున్నారన్నాడు. చివరికి మేస్త్రీ మొహంలో మొహం పెట్టి చెప్పాడు.

"ఆ మలుపు కాడ ఆళ్ళు ఏసిన కేకలు నా సెవుల్లోంచి పోటం లేదు మావా. స్టాండర్డ్ కడితే మళ్ళీ అదే మలుపు. నీకూ తెలుసు, నాకూ తెలుసు."

తెలుసు. అదే కదా చావు. స్టాండర్డ్ కడితే బండి జారుతుంది, లాంగ్ స్ట్రోక్ కడితే తనకి వినపడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వేరే మేస్త్రీ దగ్గరికి పంపేయొచ్చు గానీ లాంగ్ స్ట్రోక్ కట్టేవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. రేపు చెప్తానన్నాడు.

ఆ సాయంత్రం పీర్ కొడుకు రఫీ దగ్గరికి వెళ్ళాడు. ముప్ఫై దాటినవాడు, లేత్ ఇప్పుడు అతనిదే. నిజం చెప్పేసి, మీ నాన్న చేసినట్టే నువ్వూ వెనక నిలబడరా అని అడుగుదామని. రఫీ కుర్చీ వేసి, టీ తెప్పించి, తనే మొదలెట్టాడు. మా నాన్న మీ చెవి గురించి చెప్పని రోజు లేదు మావా, ఆ చెవిని మ్యూజియంలో పెట్టాలనేవాడు, ఈ ఆటోనగర్‌లో అలా వినేవాడు మళ్ళీ పుట్టడనేవాడు అన్నాడు. చచ్చిపోయిన స్నేహితుడు ఇంటి మనుషులకి కూడా చెప్పకుండా దాచిపెట్టిన గుట్టు అది. దాన్ని ఎలా విప్పడం? సింహాద్రి టీ తాగేసి లేచాడు.

మర్నాడు దేవీప్రసాద్‌కి సరేనన్నాడు. పరువు మాట అది, తెలివి మాట కాదు.

ఇంక ఎలా కట్టాడో అడగండి. చెవి లేని లోటు చేతులతో తీర్చుకుందామని ప్రతిదీ మూడుసార్లు కొలిచాడు. బ్లాకు అడుగున నీళ్ళ దారికి చిల్లు పడకుండా వేలితో తడుముతూ తడుముతూ అరగదీశాడు. పిస్టన్ మీద సీసం తీగ ముక్కలు పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో క్రాంకు తిప్పి, మళ్ళీ విప్పి, నలిగిన తీగ ఎంత పలచబడిందో కొలిచాడు. పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య ఎంత సందుందో ఆ తీగ చెప్తుంది. బాగానే ఉంది. మందం గ్యాస్కెట్ వేస్తే ఇంకా నిశ్చింత గానీ లాగుడు తగ్గుతుంది, మళ్ళీ ఆ మలుపే. పలచటిదే వేశాడు. ఇంట్లో అన్నం ముందు కూచుని లెక్కలు వేసుకుంటుంటే రామలక్ష్మమ్మ అతని గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుని, దేవీకి సెప్పేయ్ అంది. సెప్తే ఏటి తింటాం అన్నాడు. ఆమె కంచం తీసుకెళ్ళిపోయింది.

పన్నెండో రోజు పొద్దున స్టార్ట్ చేశారు. చుట్టూ గ్రైండర్లు ఆగాయి. అవి ఆగాయని కూడా రవ్వలు ఆగిపోతేనే తెలిసింది. సింహాద్రి స్క్రూడ్రైవర్ చెవికి పెట్టాడు. ఏమీ లేదు. పీర్ ఉండే చోట ఎవరో కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. పిడి పళ్ళతో కరిచి చూశాడు, దవడ వణికింది తప్ప ఆ వణుకులో మంచీ చెడూ తెలియలేదు. పదిమంది ఊపిరి బిగబట్టి అతని మొహమే చూస్తున్నారు.

"ఓకే" అన్నాడు.

టీలు వచ్చాయి. దేవీప్రసాద్ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే సింహాద్రి వెనక్కి జరిగాడు. ఘాట్ మీద ఖాళీ బండితో ఒక ట్రిప్పు తిప్పి చూడాలి, నానూ వస్తా అన్నాడు. సరేనని బయల్దేరారు. సింధియా జంక్షన్‌లో యారాడ ఆడవాళ్ళు అమ్మకాలు ముగించుకుని ఖాళీ గంపల్లో బియ్యం, నూనె, ఉల్లిపాయలు వేసుకుని నిలబడి ఉన్నారు. బండిని చూడగానే పరిగెత్తుకొచ్చారు. ఖాళీగా ఏటి తెలుస్తాది మావా, బరువుతోనే కదా తెలిసేది అన్నాడు దేవీప్రసాద్. ఆ మాట నిజమే. సింహాద్రి వద్దనాలి. పక్కకి జరిగి దారిచ్చాడు. పద్నాలుగు మందీ ఎక్కేశారు. మోకాలికి గుడ్డ కట్టుకున్న పోతమ్మ ముందు సీటు వెనకే కూచుంది.

సింహాద్రి తలుపుకి వీపు ఆనించి పక్కకి తిరిగి కూచున్నాడు. మొహాలు కనపడకపోతే అతనికి లోకం లేదు.

బండి ఎక్కింది. అబ్బ, ఏం ఎక్కింది. మొదటి మలుపు, రెండో మలుపు, గేరు మార్చే పనే లేదు. మూడో మలుపు దగ్గర ఆడవాళ్ళంతా మాటలాపి ముందు సీట్లు పట్టుకున్నారు. బండి దాన్ని కూడా లెక్కచెయ్యకుండా పైకి పోయింది. దేవీప్రసాద్ కళ్ళు తడిశాయి. ఆడవాళ్ళు నవ్వుతున్నారు, ఎవరో సింహాద్రికి అరటిపండు ఇచ్చారు. ఒక్క నిమిషం పాటు సింహాద్రికి కూడా పదేళ్ళు తగ్గినట్టయింది.

నాలుగో మలుపు దాటాక పోతమ్మ తల పక్కకి వంచింది. ఆమె పెదాలు స్పష్టంగా కనపడ్డాయి.

"ఓరె దేవీ, లోన ఏటో టిక్కుటిక్కుమంతాందిరా."

దేవీప్రసాద్ తల తిప్పి నవ్వాడు. "మేస్త్రి మావ పక్కనే ఉన్నాడు కదే పెద్దమ్మా. ఆయనకి ఇనపడంది నీకు ఇనపడిపోద్దేటి?"

పోతమ్మ సింహాద్రి మొహంలోకి చూసింది. మిగతా పదమూడు మందీ చూశారు. అతని మొహంలో ఏ కంగారూ కనపడకపోయేసరికి నిశ్చింతగా వెనక్కి వాలి మళ్ళీ కబుర్లలో పడ్డారు. తన మొహాన్ని నమ్మి వాళ్ళు చెవులు మూసేసుకున్నారు. పిస్టన్ పగిలితే ఇంజన్ బిగుసుకుంటుంది, ఇంజన్ ఆగితే బ్రేకు పెడల్ రాయిలా బిగిసి ఎంత తొక్కినా దిగదు, వెనక నాలుగు మలుపుల కింద సముద్రం.

"బండాపు" అన్నాడు. "దేవీ, బండాపు. నాకు ఇనపడదు."

"ఏటినపడదు? నాకూ ఇనపడతాంది, సన్నగా..."

"ఏదీ ఇనపడదురా. అయిదేళ్ళయింది."

బండి కొండవైపుకి ఆగింది. సింహాద్రి దూకి చక్రాల వెనక రాళ్ళు పెట్టాడు. ఇంజన్ ఆపనివ్వలేదు. ముందు సీట్ల మధ్య ఇంజన్ మూత తీసి స్క్రూడ్రైవర్ కొన హెడ్డుకి ఆనించి, పిడి పోతమ్మ చెవికి పెట్టాడు.

"ఎలగుందో సెప్పు అప్పా. తలుపు కొట్టినట్టుందా? ఇత్తడి చెంబు మీద గోటితో కొట్టినట్టుందా?"

పోతమ్మ కళ్ళు మూసుకుంది. పడవ కింద నీళ్ళ చప్పుడు విని వల ఎక్కడ వెయ్యాలో చెప్పే ఇంటి మనిషి ఆమె. తొందరపడలేదు. కొనని మొదటి సిలిండర్ నుంచి నాలుగోదాని దాకా జరిపాడు. మూడోదాని దగ్గర ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"ఇక్కడ. సెంబు మీద గోరే. గోరు కాదు, ఉంగరం."

పిస్టన్ హెడ్డుని తాకుతోంది. ఇంకో మైలు వెళ్ళుంటే పగిలేది. సింహాద్రి ఇంజన్ ఆపించి, అందర్నీ దిగమన్నాడు. ఆడవాళ్ళు గంపలు నెత్తికెత్తుకున్నారు. కొందరి పెదాల మీద తిట్లున్నాయి, అవన్నీ అతనికి అందాయి. అరటిపండు ఇచ్చినామె అతని వైపు చూడకుండానే ఎండలో నడిచిపోయింది.

దేవీప్రసాద్ తాళం తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత దిగి దగ్గరికొచ్చాడు. మూడేళ్ళ కిందట నా బండి బ్రేకులు విని బాగున్నాయన్నావు, మా చెల్లి కీర్తనని పురిటికి అదే బండిలో తీసుకెళ్ళాను, అప్పుడూ ఇనపడదా అని అడిగాడు. అప్పుడూ ఇనపడదు, పీర్ విన్నాడు అన్నాడు సింహాద్రి. మరి ఇయ్యాల? ఇయ్యాల ఎవరూ ఇన్లేదు. గ్యాస్కెట్ మార్చేస్తే ఇంజన్ బాగైపోతుందని, తనే విప్పుతానని, పోతమ్మని వినమంటానని, సింహాద్రి గబగబా చెప్పుకుపోయాడు. ఆపడానికి భయమేసింది.

దేవీప్రసాద్ అంతా విన్నాడు. తర్వాత సముద్రం వైపు తిరిగి, వీపు ఇటు పెట్టి, ఏదో అన్నాడు. భుజాలు కదలడం కనపడింది. ఒక మాట కాదు, చాలానే అన్నాడు. అని, ఆడవాళ్ళ వెనకే రోడ్డు పట్టుకుని వెళ్ళిపోయాడు.

పోతమ్మ మాత్రం మోకాలు పట్టుకుని గట్టు మీద కూచుని ఉంది. ఆమె అన్నీ వింది. సింహాద్రి వెళ్ళి ఆమెకి ఎదురుగా, పెదాలు బాగా కనపడేలా కింద కూచున్నాడు.

"ఏటన్నాడప్పా?"

పోతమ్మ అతని మొహం చూసింది. కొంగుతో నోరు తుడుచుకుంది.

"ఏటీ అన్లేదు నాయనా" అంది.