పళ్ళొచ్చిన చాకు

నేను ఒక మడతచాకును. కొలిమి సెగలో పుట్టి, కొమ్ముపిడిలోకి ముడుచుకోవడం నేర్చుకున్నాను. సముద్రం ఒడ్డున ఎర్రయ్య అనే జాలరి నన్ను మొలతాడుకు కట్టుకుని తిరిగి తిరిగి ముసలివాడయ్యాడు. పోతూ పోతూ కొడుకు దానయ్య చేతిలో పెట్టాడు. అప్పట్లో నా అంచు అద్దంలా ఉండేది. వలదారం తెంపితే చప్పుడే అయ్యేది కాదు. ఆ నునుపు చూసుకుని కాస్త మిడిసిపడేదాన్ని కూడా.

ఒకనాడు వల దించుతుంటే తాడు దానయ్య కాలికి చుట్టేసి ఈడ్చుకుపోబోయింది. నన్ను తెరిచి కోయబోయాడు. తడిసిన నైలాను తాడు మీద నేను జారాను. మళ్ళీ జారాను. తోటివాళ్ళు ఇంజను ఆపి తాడు పట్టుకోబట్టి బతికాడు. ఇంటికొచ్చి అదంతా అన్నం తింటూ నవ్వుతూ చెప్పాడు. చావు పక్కనుంచి పోతే ఈ మనుషులకు నవ్వెందుకొస్తుందో!

అతని భార్య బంగారమ్మ మాత్రం నవ్వలేదు. ఒళ్ళో పాలు తాగుతున్న బిడ్డను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. గాలి ఎక్కువై పడవలు ఒడ్డునే ఆగిన రోజున, నిద్రపోతున్న మొగుడి మొలతాడు నుంచి నన్ను విప్పి, బిడ్డను చంకనేసుకుని సంతకు నడిచింది.

అక్కడ ఆదెయ్య రంపాలకు పళ్ళు తీస్తుంటాడు. "కత్తంతా పళ్ళు పెట్టీ బాబూ," అంది.

"అలగైతే మీ ఆయన వలదారం ఏటితో కోత్తాడమ్మా? పిడికాడ సగం పళ్ళు తీత్తాను. మొనకాడ నున్నగా వొగ్గేత్తాను."

ఆకురాయి కింద నా సొగసు రజనుగా రాలింది. ఆ చప్పుడుకు బిడ్డ ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చుంటే ఏడ్చేదాన్నే.

దానయ్య నన్ను చూసి మండిపడ్డాడు. "ఏటే ఇది? బుడ్డదానికింకా పళ్ళు రానేదు గానీ మా అయ్య కత్తికి తెప్పించేసినావా? పడవలో అందరూ నవ్వుతారే!"

ఆమె బకెట్టులో నానబెట్టిన తాడుముక్కను బయటికి తీసి, నన్ను దానిమీద పెట్టి ఒక్క లాగు లాగింది. తాడు రెండు ముక్కలైంది.

"నవ్వనీ మావా. ఆ నవ్వు ఇనడానికి నువ్వుంటావు గదా."

అతను గొణుక్కుంటూనే నన్ను కట్టుకున్నాడు. పడవలో నాకు మొసలి అని పేరు పెట్టారు.

బిడ్డకు నిజంగానే పళ్ళు వస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం దానయ్య కుంటుతూ ఇంటికొచ్చాడు. కంచం ముందు కూర్చుని బిడ్డను ఒళ్ళోకి తీసుకున్నాడు. నన్ను భార్య ముందు పెట్టి, "సంతకెళ్తే దీని పళ్ళు పదును పెట్టించు. మొద్దుబారిపోనాయి," అన్నాడు.

బంగారమ్మ అతని చీలమండ చుట్టూ తాడు ఒరిసి కమిలిన చారను చూసింది. అతని కంచంలో అన్నం వడ్డించి, నన్ను కొంగున ముడేసుకుంది.

ఇప్పుడు నేను అరిగిపోయి చూరులో ఉంటున్నాను. మొన్న దానయ్య కొత్త చాకు కొన్నాడు. కొన్నవాడు తిన్నగా ఇంటికి రాలేదు. ఆదెయ్య దగ్గర కూర్చుని, దానికీ పళ్ళు పెట్టించాకే వచ్చాడు.