ఎలుగుబంటి తెరవలేని డబ్బా

నేను ఒక నల్లటి ప్లాస్టిక్ డబ్బాని. చిన్న బిందె అంత ఉంటాను. ఎలుగుబంట్లు తిరిగే చోట తిండి దాచుకోవడానికి నన్ను చేశారు. నాకంటే ముందు పుట్టిన డబ్బాలో వేరుశనగ వెన్న పెట్టి, జూలో ఒక ఎలుగు ముందు పడేశారట. అది గంటసేపు కొరికి, దొర్లించి, చివరికి దానిమీదే కూర్చుందట. ఆ పరువుతోనే మేమంతా అమ్ముడుపోతాం.

నన్ను కొన్నది కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉండే సుదర్శన్. ఉత్తరాన యూకాన్ నది మీద ఆరు రోజులు కయాక్ అనే సన్నటి తెడ్ల పడవలో వెళ్లాలని ఆయన కోరిక. ప్రతి శనివారం ఇద్దరు స్నేహితులు వచ్చేవారు. భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ గుడారం వేయాలి, అన్నీ రంగు పెన్నులతో గుర్తులు పెట్టేవారు. ఆయన భార్య వకుళ మ్యాపు మీద నూనె పడకుండా పెసరట్లు వడ్డించేది.

ఒక శనివారం అడిగింది. "నాకూ ఆ నది మీద వెళ్లాలనుంది. జాబితాలో నా పేరు లేదేంటండీ?"

"అక్కడ బాత్రూమ్ కూడా ఉండదు వకుళా."

"మీకు ఉంటుందా?"

స్నేహితులిద్దరూ పెసరట్ల మీదికి వంగారు. వకుళ చిన్నప్పుడు అవనిగడ్డ దగ్గర కాలవలో ఈత నేర్చుకున్న మనిషి. ఆ ముగ్గురిలో ఒక్కరికీ ఈత రాదు. ఆ సంగతి మాత్రం ప్లానులో ఏ రంగుతోనూ రాయలేదు.

ఆ రోజే నన్ను తెరవబోయి సుదర్శన్ గోరు విరగ్గొట్టుకున్నారు. "డిఫెక్టివ్ పీసు" అన్నారు. వకుళ నా మూత మీది గాడిలో చెంచా కాడ పెట్టి తిప్పింది. వచ్చేసింది. ఎవరూ చూడనట్టే ఊరుకున్నారు.

మొదటి ఏడు ఒకరి మోకాలు, రెండో ఏడు ఇంకొకరి ఆఫీసు అడ్డొచ్చాయి. మూడో ఏడు ప్లానుకి కొత్త ఫైలు వచ్చింది. నాలోకి కందిపప్పు వచ్చింది. ఎలుగుల్ని ఆపడానికి పుట్టి, పప్పుపురుగుల్ని ఆపుతూ బతికాను.

జులైలో ఒక ఉదయం వకుళ పప్పంతా పెద్ద గిన్నెలోకి వంపింది. అటుకులు, ఉప్మా రవ్వ, కందిపొడి పొట్లాలు నాలో సర్దింది. పక్కన ఆడపడుచు రత్నమాల ఉంది. అదే ఊళ్లో నర్సు. చలికాలమంతా ఇద్దరూ ఈతకొలనులో కయాక్ బోల్తాపడితే ఎలా బయటపడాలో నేర్చుకున్నారు.

"ఇంగువ వద్దు వదినా, ఎలుగులు వస్తాయి."

"వాటికి అలవాటు లేదులే, పారిపోతాయి."

"మ్యాపో?"

"మీ అన్నయ్యదే తీసుకున్నా. మంచి మ్యాపు. మూడేళ్లు గీశారు మరి."

నది ఒడ్డున పడవెక్కబోతుంటే వకుళ ఫోను మోగింది. సుదర్శన్.

"కందిపప్పు డబ్బా ఏది?"

"నా దగ్గరుంది. పప్పు మీ ఫైలు పక్కన గిన్నెలో ఉంది."

"నిజంగా వెళ్లిపోయావా?"

"నాలుగుసార్లు చెప్పానండీ."

"చెప్పావు. ప్లాను అనుకున్నాను."

ఆ ఆరు రోజులూ నన్ను గుడారానికి దూరంగా, గులకరాళ్ల మధ్య ఉంచారు. మూడో రోజు ఎలుగు వచ్చింది. వాసన చూసి, ఒకసారి దొర్లించి, తుమ్మి వెళ్లిపోయింది. నా నడుం మీద ఒక గీత మిగిలింది.

ఇప్పుడు మళ్లీ నాలో కందిపప్పే. అడుగున మాత్రం వకుళ ఆ ఒడ్డున ఏరుకున్న నల్లరాయి ఉంది. పప్పు కొలిచినప్పుడల్లా గ్లాసుకి తగిలి టక్కుమంటుంది.

"ఆ రాయి తీసి పారేయకూడదూ?" అంటారు సుదర్శన్ హాల్లోంచి.

వకుళ నా మూత బిగించి బల్ల మీద పెడుతుంది. "మీరే తీయండి."

ఆయన వస్తారు. నన్ను ఒళ్లో పెట్టుకుని, చుట్టూ తడిమి, అటూ ఇటూ తిప్పి చూస్తారు. ఆ ఎలుగు కూడా ఇంతే.