టేపుకు అవతల

బావ తొందరపడి టేపు దాటాడనీ, అందుకే పోయాడనీ ఆఫీసరు వచ్చి అక్కకు చెప్పి వెళ్ళాడు. నేను సెలవు మీద ఇల్లు చేరేసరికి అక్క ఏడుపు మానేసి కోపంతో ఉడికిపోతోంది.

"తొందరా? ఈయనా? చొక్కా గుండీలు పెట్టుకోవడానికే గంట పట్టే మనిషి! తన పెళ్ళికే ఆలస్యంగా వచ్చాడు. నువ్వక్కడే ఉన్నావుగా, నిజం చెప్పరా."

చెప్పాను.

మాది మందుపాతరలు తీసే పని. ముందువాడు బోర్లా పడుకుని, ఇనుప చువ్వతో నేలను గుచ్చి చూస్తూ జానెడు జానెడు జరుగుతాడు. వెనకవాడు బాగు చేసిన దారికి రెండువైపులా తెల్ల టేపు పరుస్తాడు. ముందువాడు "రా" అనేదాకా అడుగు వేయకూడదు. ఆరోజు బావ ముందు, నేను వెనక. పొలానికి అవతల పిండిమిల్లులో మావాళ్ళు గాయాలతో పడి ఉన్నారు. ఫిరంగి గుళ్ళు అంతకంతకూ మిల్లుకు దగ్గరగా పడుతున్నాయి. స్ట్రెచర్ పట్టేంత దారి చాలు, కానీ వెంటనే కావాలి. బావ మాత్రం తన నత్తనడక మానలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మిల్లు గోడ దగ్గరపడుతుండగా ఒక గుండు బావ పక్కనే పడి పేలింది. పొగ తగ్గాక చూస్తే బావకు ఒక కాలు మోకాలి కింద లేదు. నేను లేవబోయాను.

"అక్కడే ఉండు! రా అన్నానా నేను?"

బెల్టు ఊడదీసి తొడకు తనే బిగించుకున్నాడు. మిగిలిన నేలంతా అలాగే గుచ్చుకుంటూ పోయి, గోడ తాకాక, అప్పుడు "రా" అన్నాడు. ఎత్తుకోబోతే తిట్టాడు.

"నన్ను మోసుకెళ్ళి తిరిగొచ్చేసరికి మిల్లు ఉంటుందట్రా? ముందు వాళ్ళని తియ్యి."

దారికి అడ్డంగా ఉన్నాడు కదా, ఆ సంగతీ ఆయనే చూసుకున్నాడు. టేపుకు అవతల చువ్వతో గుచ్చి, తన ఒంటికి సరిపడా చోటు బాగుచేసుకుని, అందులోకి దొర్లాడు.

మా వెనక కాచుకుని ఉన్న స్ట్రెచర్లు ఆయన పక్కనుంచే వెళ్ళాయి. "కాళ్ళు చూసుకోండర్రా, టేపు తొక్కకండి" అని మోసేవాళ్ళను గదమాయిస్తూనే ఉన్నాడు. చివరి స్ట్రెచర్‌కి నేనూ ఒక చెయ్యి వేశాను. పొలం దాటామో లేదో మిల్లు కూలింది. వెనక్కి పరుగెత్తాను. బావ అప్పటికే పోయాడు. ఆయన్ని ఎత్తబోతుంటే ఇంకో గుండు పడి నాకు తెలివి తప్పింది. నేను ఆసుపత్రిలో ఉండగా ఆఫీసరు ఆ పొలానికి వచ్చి, శవం టేపుకు అవతల ఉందని చూసి, తన లెక్క తాను వేసుకున్నాడు. ఆ లెక్క తప్పని రేపే వెళ్ళి ఆయన మొహం మీదే చెబుతాను.

అక్క నా వైపు తిరిగింది.

"ముందు ఆయన్నే తెచ్చుంటే?"

"బతికేవాడే అక్కా."

అబద్ధం ఆడొచ్చు. ఆడలేకపోయాను. నాకు బావ మీద ఇప్పటికీ కోపమే.

"మిల్లులో వాళ్ళు?"

"అందరూ బతికారు."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"నడవగలిగాక వాళ్ళనోసారి ఇంటికి రమ్మనరా. నేను చూడాలి."