ఎడమ సీటు మాస్టారు

కంచరపాలెం రైల్వే గేటు అవతల రెండు డ్రైవింగ్ స్కూళ్లు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి దొరబాబుది, రెండోది హుస్సేన్ బాషాది. దొరబాబు బోర్డు మీద ఎర్రకారు బొమ్మ ఉంటుంది. బాషా బోర్డు మీద బొమ్మ లేదు, ఒక్క మాట ఉంది: ‘మా దగ్గర నేర్చుకున్న వారందరూ ఫస్ట్ ట్రయల్‌లోనే పాస్.’ ఇరవై ఆరేళ్లుగా ఆ మాట నిజం. అది అబద్ధమయ్యే రోజు కళ్లారా చూద్దామని దొరబాబు అన్నేళ్లుగానూ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఓపికున్న మనిషి.

ఆ బోర్డు చూసే లెంకా బాషాకి ఫోన్ చేసింది. ఆమెది చెక్ దేశం. స్టీల్‌ప్లాంటులో కొత్త యంత్రం బిగించడానికి వచ్చిన విదేశీ కంపెనీలో ఇంజనీరు. ఉక్కునగరంలో క్వార్టర్ ఇచ్చారు. వచ్చి ఏడాది దాటింది, సొంత దేశం నుంచి తెచ్చుకున్న పర్మిట్ గడువు తీరింది, ఇక ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి. తెలుగు షిఫ్టు కార్మికుల దగ్గర నేర్చుకుంది కాబట్టి పుస్తకాల తెలుగు ఆమెకి ఒక్క ముక్క రాదు.

“మాస్టారు, నాకు కారొచ్చు. పద్దెనిమిదేళ్ల నుంచి నడుపుతన్నాను. మీ రోడ్డు రాదు, అంతే” అంది.

ఆమెకి ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, వచ్చిన మర్నాడు పొద్దున్న ఆరింటికి బాషా కారులో ఉక్కునగరం వెళ్లాడు. తోలింది మాత్రం పోయిన నెల పాసైన నాగబాబు. బాషా తన కారు తాను తోలుకుని ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. చేపల మార్కెట్టుకి వెళ్లాలన్నా, బంధువుల పెళ్లికి వెళ్లాలన్నా ఎవరో ఒక స్టూడెంటుని పట్టుకుని “ఇయ్యాల నీకు ట్రాఫిక్ ప్రాక్టీసు” అనేవాడు. తాను ఎడమ సీట్లో దర్జాగా కూర్చునేవాడు. ఆ పక్క మాస్టారి కోసం విడిగా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉంటాయి. ఆయన కాళ్లకి ఆ రెండే లోకం.

నాగబాబు కారు దిగి ప్లాంటులోకి డ్యూటీకి పోయాడు. బాషా దిగి, ఆమెకి దణ్ణం పెట్టి, అలవాటు ప్రకారం ఎడమ తలుపు పట్టుకున్నాడు. లెంకా కూడా అదే తలుపు పట్టుకుంది. వాళ్ల దేశంలో స్టీరింగు అటువైపే. ఇద్దరూ కాసేపు “మీరు కూర్చోండి” అంటే “మీరు కూర్చోండి” అనుకుని, చివరికి ఆమె నవ్వి కుడివైపు వెళ్లింది.

వెళ్లి కూర్చుంది గాని తాళం తిప్పలేదు. ఆమె ఉద్యోగమే తనిఖీ. మీటరు మీద గడువు తేదీ చదవనిదే ఏ మిషన్ మీదా చెయ్యి వెయ్యదు.

“మాస్టారు, మీ లైసెన్సు సూపించండి.”

బాషా గర్వంగానే పర్సులోంచి తీసి ఇచ్చాడు. ఆమె ముందు చదివింది, వెనక చదివింది, మళ్లీ ముందు చదివింది.

“ఏటిది? రెండేళ్ల కిందటే అయిపోనాది.”

“ఏటి అయిపోనాది?”

“మీ లైసెన్సు.”

బాషా కళ్లజోడు తుడుచుకుని చూశాడు. నిజమే. ఆయనకి యాభై నిండిన రోజున ఇంట్లో సేమ్యా పాయసం వండారు, రెండు గిన్నెలు తాగి హాయిగా పడుకున్నాడు. లైసెన్సు సరిగ్గా ఆ రోజే చచ్చింది. వందలమంది కాగితాలు నింపి, ఎవరి గడువు ఎప్పుడో వేళ్ల మీద చెప్పే మనిషి, సొంత కార్డు తిప్పి చూసుకోలేదు. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్ నుంచి మొదలు, మళ్లీ ట్రయల్. ఈ రూలు ఆయనకి కంఠతా వచ్చు.

“అయితే నాను నడపను. పక్కన లైసెన్సు ఉన్న మనిషుండాలి” అంది లెంకా.

“నానున్నాను గదమ్మా.”

“మీరున్నారు. లైసెన్సు లేదు.” తాళం తీసి జేబులో వేసుకుంది.

బాషాకి రెండు భయాలు పట్టుకున్నాయి. లైసెన్సు లేకపోతే స్కూలు మూసుకోవాలి, అదొక భయం. దొరబాబుకి తెలిస్తే మైకు పెట్టి మరీ కంచరపాలెం అంతా చెబుతాడు. ఈ రెండో భయమే పెద్దది.

“మీ ఇంట్లో ఇంకెవరికైనా లైసెన్సు ఉన్నాదా?” అని అడిగింది ఆమె.

ఉంది. ఆరేళ్ల కిందట ఆడవాళ్ల బ్యాచి మొదలుపెట్టినప్పుడు కరపత్రం మీద ఫొటో కోసం భార్య జన్నత్ బీకి తానే నేర్పి, లైసెన్సు ఇప్పించాడు. ఫొటో అచ్చయ్యాక ఆ కార్డు బీరువాలోకి పోయింది, ఆవిడ వంటింట్లోకి పోయింది. మళ్లీ స్టీరింగు ముట్టుకోనివ్వలేదు.

ఫోన్ చేస్తే జన్నత్ బీ ఆటోలో వచ్చింది. సంగతంతా విని నవ్వలేదు. నవ్వేసి ఉంటే బాషాకి కాస్త తేలిగ్గా ఉండేది. తాళం అందుకుంది, సీటు ముందుకి జరుపుకుంది, అద్దం సర్దుకుంది, నిలబెట్టిన రెండు ప్లాంటు బస్సుల మధ్యలోంచి కారుని వెనక్కి తీసి రోడ్డెక్కించింది. గాజువాక దాటేదాకా బాషా కాలు ఎడమవైపు బ్రేకు మీదే ఉంది. ఒక్కసారీ తొక్కే అవసరం రాలేదు.

“ఇదెప్పుడు నేర్సుకున్నావ్?”

“మీరే నేర్పించేరు.”

“ఆరేళ్ల కిందట.”

“మద్దినం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా మీరు నిద్దరోతారు గదండీ” అంది ఆవిడ, లారీని దాటుతూ. “యారాడ ఘాటీ ఎక్కి దిగుతాను. సముద్రం ఒడ్డున కాసేపు కూకుని వచ్చేత్తాను.”

కారులో కాళ్ల కింద ఇసక ఎందుకుంటోందని ఆరేళ్లుగా బాషా ప్రతి స్టూడెంటునీ తిట్టాడు. ఇద్దరిచేత క్షమాపణ కూడా చెప్పించాడు. ముందు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఇంత చక్కగా తోలే మనిషిని ఇంట్లో పెట్టుకుని తాను ఊరందరికీ నేర్పుతున్నాడు.

మర్నాడే స్కూలు తలుపుకి ‘కారు రిపేరులో ఉంది’ అని అట్ట తగిలింది. బాషా ఎవరూ గుర్తుపట్టకుండా మొహానికి మఫ్లరు చుట్టుకుని వెళ్లి ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాడు. ఆ నెలంతా తెల్లారకముందే జన్నత్ బీ కారు తీసేది. దొరబాబు స్కూలు ముందు బాషా వెనక సీట్లో వంగి తల దాచుకునేవాడు. ఉక్కునగరం ఖాళీ రోడ్ల మీద మొదట లెంకా తోలేది, తర్వాత బాషా తోలేవాడు. ఎడమ సీట్లో బ్రేకు మీద కాలు పెట్టుకుని జన్నత్ బీ కూర్చునేది.

లెంకాకి మన రోడ్డు మూడు వారాల్లో వచ్చేసింది. మొదట్లో హారను కొట్టడానికి మొహమాటపడేది, తర్వాత ఆవు అడ్డమొస్తే కిటికీలోంచి తల బయటపెట్టి “ఏటే, పక్కకెల్లవే” అనే స్థితికి వచ్చింది. మాస్టారికే కారు రాలేదు. ఇరవై ఆరేళ్లు ఇతరులని ఆపడమే పనిగా పెట్టుకున్న కాళ్లు కదా, యాక్సిలరేటరు అనేది ఒకటుందని వాటికి తట్టేది కాదు. క్లచ్చి వదిలేవాడు, బ్రేకు తొక్కేవాడు, కారు గుక్కపట్టి ఆగిపోయేది. కుడి చెయ్యి పోయి పక్కవాళ్ల స్టీరింగు కోసం తలుపు దగ్గర వెతికేది.

“ఏటి సేత్తన్నారు? కుడి కాలు, కుడి కాలు” అనేది లెంకా వెనక నుంచి.

“నాకు తెలుసమ్మా. నాను అందరికీ సెప్పేది అదే.”

“మీకు మీరు సెప్పుకోండి మరి.”

ట్రయల్ రోజున ట్రాకు దగ్గర ఇన్‌స్పెక్టరు గుణశేఖర్ కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. బాషాని చూసి పలకరింపుగా తలూపాడు. “ఇవాళ ఎవర్ని తెచ్చారు మాస్టారూ?”

“ఈ మేడమ్‌ని” అన్నాడు బాషా. కాస్త ఆగి, “నన్ను” అన్నాడు.

గుణశేఖర్ కాగితం చూసి, మనిషిని చూసి, మళ్లీ కాగితం చూసి, నవ్వు బయటికి రానివ్వకుండా ఇద్దర్నీ లైన్లోకి పంపాడు. మంచివాడు. మంచివాడే గాని మార్కులు దానం చేసే రకం కాదు.

లెంకా వంకర ట్రాకు, రివర్సు, ఎత్తు అన్నీ తప్పు లేకుండా చేసి దిగింది. తర్వాత బాషాకి పిలుపు వచ్చింది. ఆయన గుండె నిబ్బరం చేసుకుని, బిస్మిల్లా అని, కారు దగ్గరికి నడిచి ఎడమ తలుపు తీశాడు. లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. చుట్టూ తిరిగి కుడివైపు ఎక్కాడు. వంకర ట్రాకు గడిచింది. రివర్సు గడిచింది. ఎత్తు మధ్యలో ఆపి మళ్లీ కదిలించాలి, కారు వెనక్కి జారకూడదు. బాషా ఆపాడు. ఆపడంలో ఆయన్ని మించినవాడు విశాఖపట్నంలో లేడు. కదిలించేటప్పుడు బ్రేకు వదిలాడు గాని కాలికి యాక్సిలరేటరు తట్టలేదు. కారు మెల్లగా, మర్యాదగా వెనక్కి జారి గుర్తుకర్రని పడేసింది.

“వారం ఆగి మళ్లీ రండి మాస్టారూ” అన్నాడు గుణశేఖర్.

తిరిగొచ్చేటప్పుడు జన్నత్ బీ తోలింది, పక్కన లెంకా, వెనక బాషా. రైల్వే గేటు దాటగానే ఆయన అలవాటుగా వంగబోయాడు. అద్దంలో చూసిన జన్నత్ బీ కారు తీసుకెళ్లి సరిగ్గా దొరబాబు కుర్చీ ముందు ఆపింది.

“ఎన్నాళ్లండీ ఇలగ వంగుతారు? నడుం పోతాది” అంది.

బాషా నడుం నిటారు చేసుకున్నాడు. తర్వాత దిగి, జరిగిందంతా తన నోటితోనే దొరబాబుకి చెప్పేశాడు. ఇరవై ఆరేళ్ల ఓపిక ఫలించింది. దొరబాబు కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు.

“మరి ఆ బోర్డు తీసేత్తావా బావా?”

బాషా స్టూలు, పెయింటు డబ్బా తెచ్చుకున్నాడు. పైకెక్కి, ఉన్న మాట కింద ఇంకో మాట రాశాడు: ‘మాస్టారు తప్ప.’ దిగి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

“బావా, నీ లైసెన్సు ఎప్పటిదాకా ఉన్నాది?”

“నాకేటి, బెమ్మాండంగా ఉన్నాది” అని దొరబాబు పర్సు తీశాడు. కార్డు చూశాడు. నవ్వు ఆగింది. కార్డు కొంచెం దూరంగా పట్టుకుని చూశాడు, ఎండలోకి తిప్పి చూశాడు. తర్వాత కుర్చీ తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే దొరబాబు రోడ్డు దాటి వచ్చాడు. ఈ పక్కకి రావడం అదే మొదటిసారి. బాషా గుమ్మంలో టీ తాగుతున్నాడు. దొరబాబు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“బావా, చెల్లెమ్మ తెల్లారగట్ల ఖాళీగా ఉంటాదా?”